పిట్ లేన్‌లో ఎత్తిన జెండా

ఏప్రిల్ 5, శనివారం

అత్త ఈరోజు లిప్‌స్టిక్ వేసుకుంది. ఫుట్‌బాల్ ఆటకి! తన పెళ్లిలో కూడా వేసుకోలేదని నాన్న చెబుతుంటాడు. మెట్లు దిగుతూ చూసి అక్కడే ఆగిపోయాను.

"ఏంటే ఆ చూపు? పెదాలు పగిలాయి," అంది.

పగలలేదు. ఈరోజు పిట్ లేన్ గ్రౌండు కొట్టే రోజు, అంటే అక్కడ ఒక ఆట మొత్తం చూసి లెక్కలో వేసుకునే రోజు, అంతే. మా లీగులోని గ్రౌండ్లలో అత్తకి మిగిలింది అదొక్కటే. అంతకుముందు వెళ్లినప్పుడల్లా ఏదో ఒకటి అడ్డొచ్చింది. ఒకసారి పొగమంచులో గోలుపోస్టే కనబడలేదు. ఒకసారి నేల రాయిలా గడ్డకట్టింది. పోయిన నవంబర్‌లో గోలు ముందు బాతులు ఈదుతున్నాయి. ఇక వచ్చే శనివారం ఆ గ్రౌండు సొంత జట్టు బ్రాక్‌లా అక్కడ ఆఖరి ఆట ఆడేస్తుంది. తర్వాత అక్కడ ఇళ్లు కడతారు.

ఇంత సంతోషంగా మొదలైన రోజు ఎలా ముగిసిందో రాయాలంటే ఒళ్లు మండిపోతోంది. అయినా వరసగా రాస్తాను. కోపంలో వరస తప్పితే రేపు నన్ను నేనే నమ్మను.

ఎండ కాసింది. నేల పొడిగా ఉంది. గేటు దగ్గర అత్త ముందు, నేను వెనక. టికెట్లు తనే కొంది. లోపల హాపర్లందరూ అప్పటికే టీ కొట్టు పక్కన చేరారు. వానకోట్లు, మడత సంచులు, ఫ్లాస్కులు. ప్రపంచంలో ఎవరికీ పట్టని గ్రౌండ్లను ఒక్కొక్కటిగా కొట్టుకుంటూ తిరగడం తప్ప వాళ్లకి వేరే వ్యసనం లేదు. డెస్మండ్ గారు తన సంచిని అత్తకి కాస్త తెరిచి చూపించారు. లోపల నీలం కప్పు కనబడింది. పూత పెచ్చులూడిపోయిన పాత ఇనప కప్పు అది. లీగు మొత్తం పూర్తి చేసిన మనిషి, ఆట అయ్యాక, ఆఖరి గ్రౌండులోనే ఆ కప్పుతో టీ తాగాలి. తాగడం అయ్యేదాకా మిగతావాళ్లు తమ కప్పులు ముట్టుకోరు. ఇంతవరకు ఆ కప్పుతో తాగినవాళ్లందరూ మగవాళ్లే. అత్త దాన్ని చూడనట్టే చూసింది.

రెండో సగంలో, గీత పక్కన జెండా పట్టుకునే లైన్స్‌మన్ పిక్క పట్టుకుని కూలబడ్డాడు. ఇద్దరు మోసుకెళ్లారు. రిఫరీ వచ్చి క్లబ్ సెక్రటరీ ట్రెవర్ గారితో ఏదో మాట్లాడాడు. మైకు గరగరమంది: "సర్టిఫికెట్ ఉన్న రిఫరీలు, లైన్స్‌మన్‌లు ఎవరైనా ప్రేక్షకుల్లో ఉంటే దయచేసి రండి. లేకపోతే ఆట ఆపేయాల్సి వస్తుంది."

హాపర్ల మొహాలు ఆ క్షణంలో చూడాలి! మధ్యలో ఆగిపోయిన ఆట లెక్కలోకి రాదు. కార్లైల్ నుంచి ఒకాయన మూడు బస్సులు మారి వచ్చాడు.

అప్పుడు డెస్మండ్ గారే అత్త వైపు తిరిగారు. <u>డెస్మండ్ గారే.</u> రేపెవరూ కాదనకుండా కింద గీత గీస్తున్నాను. "గ్లెండా! నీకుంది కదా సర్టిఫికెట్! ఆదివారాలు పిల్లల ఆటలకి ఈల ఊదుతావుగా!" అన్నారు.

అత్త ఒక్క క్షణం ఆయన్ని, ఆయన సంచిని చూసింది. తర్వాత కోటు విప్పి నా చేతిలో పెట్టి, "చలేస్తే వేసుకో," అని వెళ్లిపోయింది.

అరవై దాటిన మనిషి, లిప్‌స్టిక్‌తో, ఎవరిదో పెద్ద నల్ల చొక్కా తొడుక్కుని గీత వెంబడి ఏం పరిగెత్తిందనుకున్నారు! మొదట్లో ఎవరో కుర్రాడు అరిచాడు, "మామ్మా, బస్సు వెళ్లిపోతోంది!" అని. ఇన్నేళ్లూ బస్సు తోలిన అత్త తల తిప్పకుండానే, "నేను తోలకుండా ఎక్కడికి పోతుందిరా," అంది. ఆ తర్వాత ఎవరూ అరవలేదు.

ఇంక ఆట అయిపోవస్తోందనగా బ్రాక్‌లా తొమ్మిదో నంబరు కుర్రాడు గోలు కొట్టాడు. జనం ఎగిరారు. అత్త జెండా లేచింది. ఆఫ్‌సైడ్. నేను కళ్లారా చూశాను, వాడు ఆఖరి డిఫెండర్ కంటే ఒక అడుగు ముందున్నాడు, గోలు చెల్లదు.

సున్నా-సున్నా. ఆట అయిపోయింది.

అత్త వగరుస్తూ టీ కొట్టు దగ్గరికి వచ్చింది. మొహం ఎర్రబడి వెలిగిపోతోంది. లిప్‌స్టిక్ చెరిగిపోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. డెస్మండ్ గారు సంచి విప్పలేదు.

"గ్లెండా," అన్నారు. "ఇబ్బందొచ్చింది."

"ఏంటి?"

"డబ్బు కట్టి లోపలికొచ్చి, మొదటి నుంచి చివరిదాకా ప్రేక్షకుడిగా చూడాలి. మన రూలు అదే కదా. నువ్వు చివర్లో... ప్రేక్షకురాలివి కాదు."

నేను తమాషా అనుకుని నవ్వాను. ఎవరూ నవ్వలేదు. పెద్దాయన విల్ఫ్ తన బూట్లకేసి చూస్తూ, "రూలు అలాగే ఉందమ్మా," అన్నాడు. కార్లైల్ ఆయన టీలో చక్కెర కలుపుతూనే ఉన్నాడు. ఆయన గ్రౌండు కొట్టాడు. అత్త పరిగెత్తబట్టి కొట్టాడు!

నా నాలుక మీదికి ఎన్ని మాటలు వచ్చాయో. బయటికి వచ్చింది ఒక్కటే, "అన్యాయం".

"పదవే, బస్సు టైమైంది," అంది అత్త.

కప్పు సంచిలోనే ఉండిపోయింది.

ఏప్రిల్ 6, ఆదివారం

రాత్రంతా డెస్మండ్ గారికి తగిన మాట వెతికాను. నీచుడు చిన్నది. కృతఘ్నుడు బాగుంది కానీ పలికేటప్పుడు నోరు తిరగదు, తిట్టు సగంలో ఆగిపోతుంది. సంకుచితుడు మరీ మర్యాదగా ఉంది. కాలేజీలో మిస్ ఒకాఫర్ అంటుంది, సరైన మాట దొరికితే కోపం సగం తగ్గుతుందని. దొరకలేదు. తగ్గలేదు.

ఉదయం అత్త పిల్లల ఆటకి ఈల ఊదడానికి వెళ్లింది. ఎప్పటిలాగే వెళ్లింది, ఎప్పటిలాగే వచ్చింది, బంగాళాదుంపలు వేయించింది. పిట్ లేన్ మాట ఎత్తలేదు. నేనెత్తితే రేడియో పెట్టింది.

ఇంకో సంగతి గుర్తొచ్చి లేచి కూర్చున్నాను. డెస్మండ్ గారికి సొంత రూలు ఒకటుంది: గోలు పడని ఆట ఆయనకి లెక్క కాదు. మిగతావాళ్లకి ఆ పట్టింపు లేదు, ఆయనకి మాత్రం ప్రాణం. అంటే అత్త జెండా ఎత్తడంతో ఆయన పిట్ లేన్ కూడా పోయింది! తనది పోయిందన్న కుళ్లుతో అత్తది లాక్కున్నాడు. ఇప్పుడు అర్థమైంది. ఇది రూలు కాదు, పగ.

నాకు ఆయన మీద కోపం లేదు. జాలి, అంతే.

ఏప్రిల్ 7, సోమవారం

జాలి కాదు. కోపమే.

మిస్ ఒకాఫర్ నా వ్యాసం తిరిగిచ్చింది. విశేషణాలన్నీ కొట్టేసి, అంచున రాసింది: "ఏం జరిగిందో చెప్పు. ఎలా అనిపించాలో నాకొదిలెయ్యి." సరే. హాపర్ల పత్రికకి రాద్దామనుకున్నదాన్ని విశేషణాలు లేకుండా మళ్లీ మొదలుపెట్టాను. "డెస్మండ్ గారు సంచి విప్పలేదు" అన్న వాక్యం దగ్గర ఆగిపోయాను. దాని తర్వాత ఏం రాసినా తేలిపోతోంది.

అత్తకి పిక్కలు పట్టేశాయి. మెట్లు వెనక్కి తిరిగి దిగుతోంది.

ఏప్రిల్ 8, మంగళవారం

ఏమీ రాయను.

ఏప్రిల్ 9, బుధవారం

రాస్తాను. ఇది రాయకపోతే పేలిపోతాను.

కాలేజీ నుంచి రాగానే అత్తని వంటింట్లో నిలబెట్టి అడిగాను. ఎందుకు ఊరుకున్నావు? బస్సులో తాగుబోతుల్ని చెవి పట్టి దింపేసిన మనిషివి, డెస్మండ్ గారి ముందు నోరెందుకు పెగల్లేదు?

అత్త ముల్లంగి తరుగుతోంది. కత్తి ఆపలేదు.

"ఆ రూలు పెట్టింది నేనేనే," అంది.

నాకు వినబడింది కానీ అర్థం కాలేదు.

"పన్నెండేళ్లవుతోంది. మాతో ఒకాయన తిరిగేవాడు. యువజన జట్టులో ఆడిన రోజుల్లో ఏ ఊరు వెళ్లాడో, అవన్నీ లెక్కలో వేసుకున్నాడు. నేను చెయ్యెత్తాను. ఆడినోడూ, ఊదినోడూ, జెండా పట్టినోడూ ఆటని చూడరు. వాళ్ల పని వాళ్లు చూసుకుంటారు. చూడ్డం వేరు, అన్నాను. అందరూ ఒప్పుకున్నారు. డెస్మండే రాసుకున్నాడు."

"ఆ రూలు తప్పు!"

"తప్పు కాదు. కరెక్టే. అందుకే మండుతోంది."

ముల్లంగి ముక్కలు ఒక దిక్కున, తొక్కలు ఒక దిక్కున పెట్టింది. తర్వాత అంది:

"ఇంకోటి. ఆ అరగంటలో నేను స్కోరు కూడా పట్టించుకోలేదు. ఆఖరి డిఫెండర్ మోకాలూ, బంతీ. అంతే కనబడ్డాయి. గాలి ఎటునుంచి వీచిందో, టీ కొట్టు తలుపు ఏ రంగో నన్నడిగితే చెప్పలేను. పిట్ లేన్‌ని నేను చూడలేదు పిల్లా."

"టికెట్ కొన్నావుగా! డబ్బు కట్టావుగా!"

"కట్టాను."

"మరి?"

"మరేముంది, పోయాయి డబ్బులు."

నాకు కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలియలేదు. తలుపు గట్టిగా వేసి పైకి వచ్చేశాను. ఆ తలుపు చప్పుడు ఒక్కటే ఈరోజు నేను సూటిగా చెప్పిన మాట.

ఇంకోటి కూడా రాయాలి. శనివారం "కళ్లారా చూశాను" అని రాశాను. చూడలేదు. ఆ గోలు పడ్డప్పుడు చిప్స్ మీద గ్రేవీ పోయించుకుంటూ కొట్టు దగ్గర ఉన్నాను. జనం ఎగిరితే తిరిగాను, అప్పటికే జెండా లేచి ఉంది. అయినా నాది లెక్కలోకి వచ్చింది. విల్ఫ్ స్వయంగా వచ్చి చెయ్యి కలిపాడు, పిట్ లేన్ కొట్టావమ్మా అని.

ఏప్రిల్ 10, గురువారం

డెస్మండ్ గారు ఇంటికి వచ్చారు!

తలుపు నేనే తీశాను. ఆ సంచితోనే నిలబడ్డారు. జుట్టు తడిపి దువ్వుకుని వచ్చారు. వారం నుంచి దాచుకున్న మాటలన్నీ గొంతులోకి వచ్చాయి. "బూట్లు బయట విప్పండి," అన్నాను. ఆయన విప్పారు. ఒక సాక్సుకి చిల్లు.

అత్త టీ ఇచ్చింది, మామూలు కప్పులో. ఆయన సంచిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు.

"శనివారం రా గ్లెండా. ఆఖరి ఆట. అందరం మాట్లాడుకున్నాం. మామూలుగా కూర్చో, చూడు. ఆట అవ్వగానే అక్కడే కప్పు. విల్ఫ్ కేకు కూడా చేయిస్తానంటున్నాడు."

"నువ్వెలాగూ రావాల్సిందేగా," అంది అత్త. "నీకు గోలు పడాలి."

ఆయన మొహం మాడింది. "నాదెలాగూ నాదే. నేనొచ్చింది నీ గురించి."

"నిజంగానా?" అన్నాను నేను. ఉండబట్టలేకపోయాను. "మీ గోలు పోయిందనే కదా అత్త గ్రౌండు లెక్కలోంచి తీసేశారు?"

"ఏయ్ కెజియా!" అంది అత్త.

డెస్మండ్ గారు నాకేసి చూశారు. అరుస్తారేమో అనుకున్నాను. అరవలేదు, కానీ చెవులు కాలిపోయేంత ఎర్రబడ్డాయి. "అమ్మాయ్, నేను నలభై ఏళ్లుగా తిరుగుతున్నాను. గోలు కోసం అబద్ధం ఆడాలంటే ఇప్పటికి వంద గ్రౌండ్లు ఎక్కువ కొట్టేవాణ్ణి."



"ఆఫ్‌సైడేనా డెస్మండ్?" అని అడిగింది అత్త.

ఆయన టీ కప్పులోకి చూశారు. ఎంతసేపు చూశారో! నాకు శనివారం నాటి మైకు గరగర వినిపించినట్టయింది.

"ఆఫ్‌సైడే," అన్నారు చివరికి. "గీతకి ఎదురుగానే ఉన్నాను. మనసులో లేవకూడదు జెండా, లేవకూడదు జెండా అనుకున్నాను. లేచింది. నీ చెయ్యి వణకలేదు కూడా."

"అయితే చాలు," అంది అత్త.

"వస్తావా మరి?"

"రాను."

"అదేంటి!"

"నేను శనివారం అక్కడున్నాను డెస్మండ్. మళ్లీ వచ్చి ఉత్త చేతుల్తో కూర్చుంటే, అప్పుడు లేనట్టే. ఉన్నాను. మీ లెక్కలోకి రాదు, ఒప్పుకుంటున్నాను. నేను పెట్టిన రూలే. కానీ లేనట్టు నటించను."

"మొండిదానివి గ్లెండా. ముప్పై ఏళ్లుగా మొండిదానివి."

"టీ చల్లారిపోతోంది, తాగు."

ఆయన వెళ్లేటప్పుడు గుమ్మంలో బూట్ల తాళ్లు కట్టుకోవడానికి చాలాసేపు పట్టింది. నేను వంగి సాయం చెయ్యలేదు. ఇప్పుడు అనిపిస్తోంది, చేసి ఉండాల్సింది.

ఇప్పుడు కోపం అత్త మీదికి మళ్లింది. అందులో నాకు సిగ్గు లేదు. కాళ్ల దగ్గరికి వచ్చిన కప్పు అది! ఎందుకింత బెట్టు? ఆ గ్రౌండు లేకుండా పోతోంది. సోమవారం యంత్రాలొచ్చి గోలుపోస్టులు పీకుతాయి. తర్వాత ఏడ్చినా రాదు. అదే మాట గదిలోంచి అరిచాను.

"నేనెప్పుడేడ్చానే?" అని కింది నుంచి సమాధానం.

ఏడవలేదు. కానీ శనివారం బస్సులో దారి పొడవునా కిటికీ వైపు తిరిగి కూర్చుంది. పెదాల మీద మిగిలిన ఆ ఎరుపుని చేతిరుమాలుతో తుడుస్తూనే ఉంది, తుడుస్తూనే ఉంది.

ఏప్రిల్ 11, శుక్రవారం

సాయంత్రం ఫోన్ మోగింది. బ్రాక్‌లా సెక్రటరీ ట్రెవర్ గారు. అత్త స్పీకర్ పెట్టి చేపలకి పిండి పట్టిస్తోంది, అందుకే నాకూ అంతా వినబడింది.

"గ్లెండా గారూ, మీరు కాదనకూడదు. రేపటి లైన్స్‌మన్‌లు ఇద్దరికీ జ్వరం. ఒకరిని లీగువాళ్లు ఎక్కణ్ణుంచో పట్టుకొచ్చారు. రెండోవాళ్లు దొరకలేదు. మీ పేరు చెప్పాను, లీగు సరేనంది. మీరు రాకపోతే ఆట జరగదు. ఆఖరి ఆటండీ. ఎనభై ఏళ్ల గ్రౌండు. మా నాన్న ఆ గోలు వెనక నిలబడి..."

అత్త చేతులకి పిండి. కదలకుండా నిలబడింది.

నేను ఎదురుగా నిలబడి తల అడ్డంగా ఊపాను. వద్దు! వద్దని చెప్పు! రేపు అందరూ వస్తారు. కార్లైల్ ఆయన, విల్ఫ్, డెస్మండ్, వాళ్ల ఫ్లాస్కులు. రావాలి, గేటుకి తాళం చూసి వెనక్కి వెళ్లాలి. రూలే కదా! సర్టిఫికెట్ లేకపోతే ఆట లేదు. రూలు ఎలా ఉంటుందో ఒక్కసారి వాళ్లకీ తెలియాలి.

"ఎన్నింటికి రావాలి?" అని అడిగింది అత్త.

ఫోన్ పెట్టేశాక నేను ఊరుకోలేదు. అన్నీ అన్నాను. ఈసారి మాటలు దొరికాయి, ఒకదాని వెనక ఒకటి. నీకు రోషం లేదన్నాను. వాళ్ల కోసం మళ్లీ పరిగెత్తుతావు, మళ్లీ నీది మాత్రం పోతుంది, ఇక ఎప్పటికీ పోతుంది అన్నాను. లీగు పూర్తి కాదు అన్నాను. కప్పు రాదు అన్నాను.

అత్త పొయ్యి తగ్గించింది.

"ఇరవై రెండు మంది కుర్రాళ్లు ఈపాటికి బూట్లు తుడుచుకుంటుంటారే. నాకు రాబుద్ధి కాలేదని వాళ్లకి చెప్పనా?"

"కూర్చుని చూడమంటే బెట్టు. పని చెయ్యమంటే సరే!"

"అవును," అంది. అంతే అంది. అవును.

అప్పుడు నాకు మెరుపులాంటి ఆలోచన వచ్చింది. వారమంతా వచ్చిన ఆలోచనల్లో ఇదే గొప్పది అనుకున్నాను. "అత్తా, రేపు గేటు దగ్గర నీకూ ఒక టికెట్టు కొంటాను. జేబులో పెట్టుకో. డబ్బు కట్టినట్టు ఉంటుంది. డెస్మండ్ గారు ఈసారి కాదనలేరు, ఆయనకి జాలిగా ఉంది. చూసీ చూడనట్టు కప్పు ఇచ్చేస్తారు."

అత్త ఈసారి నిజంగా కోప్పడింది. ఇంతవరకు ఎప్పుడూ చూడలేదు. గరిట బల్ల మీద పెట్టింది, కొట్టలేదు, పెట్టింది. అదే ఎక్కువ భయమేసింది.

"టికెట్టు కొన్నోడు అరవొచ్చు, రిఫరీని తిట్టొచ్చు, ఎవరు గెలవాలో కోరుకోవచ్చు. మధ్యలో వెళ్లి చిప్స్ కొనుక్కోవచ్చు. జెండా పట్టినోడికి అవేం లేవు. రెండూ నాకే కావాలంటే ఎలాగే? జేబులో టికెట్టు పెట్టుకుని జెండా ఎత్తితే, ఆ జెండాని ఎవడు నమ్ముతాడు?"

చిప్స్ మాట ఎందుకు అందో నాకు తెలియదు. గ్రేవీ సంగతి తనకి తెలుసేమో. మోకాలూ బంతీ తప్ప ఏమీ చూడలేదంది కదా.

చేపలు తిన్నాం. బఠాణీలు మాడాయి.

తిన్నాక తన పాత నల్ల చొక్కా తీసింది, పిల్లల ఆటలకి వేసుకునేది. మోచేతి దగ్గర కుట్టు ఊడింది. దారం ఎక్కించమని సూది నాకిచ్చింది. ఎక్కించాను.

"అత్తా, రేపు ఆఖర్లో గోలు పడిందనుకో. అదొక్కటే గోలు. డెస్మండ్ గారు గీతకి ఎదురుగా నిలబడి చూస్తుంటారు. ఆయన ఆఖరి ఛాన్స్. వాడు ఒక అడుగు ముందుంటే?"

అత్త దారం పళ్లతో తెంపింది.

"లేస్తుంది," అంది.

"పాపం కదా?"

"పాపమే. లేస్తుంది."

నాకు ఇద్దరం నవ్వుతున్నామని కాస్త ఆలస్యంగా తెలిసింది. నా నవ్వులో కోపం ఇంకా ఉంది. ఉండనీ. అది ఎవరి మీదా కాదు ఇప్పుడు, సోమవారం వచ్చే యంత్రాల మీద కావచ్చు, బాతుల మీద కావచ్చు, పొగమంచు మీద కావచ్చు. పత్రికకి రాయబోయింది చించేశాను. ఒక్క వాక్యం ఉంచుకున్నాను, డెస్మండ్ గారు సంచి విప్పలేదు అన్నది. అది బాగుంది. నాకు మాత్రమే.

రేపు పొద్దున ముందుగా లేచి చొక్కా ఇస్త్రీ చేయాలి. తన బూట్లకి మట్టి గీకాలి. ఫ్లాస్కులో టీ పోయాలి, రెండు మామూలు కప్పులు సంచిలో పెట్టాలి. బస్సులో కిటికీ సీటు నేను తీసుకుంటాను. గేటు దగ్గర ఒక్క టికెట్టే కొంటాను. తర్వాత నేరుగా వెళ్లి అత్త పరిగెత్తే వైపు గీత దగ్గర నిలబడతాను, టీ కొట్టు తలుపు ఏ రంగో చూసిపెడతాను, తనకి చెప్పడానికి. చిప్స్ కొనను.